చెవికో అంకె, కార్డుకో అంకె

సముద్రంలోకి దిగే ఆడవాళ్లకు డైవింగ్ సూట్లు కుట్టే దుకాణంలో నేను కొలతలు తీస్తాను. పదిహేనేళ్లుగా మెడలో టేపు లేని రోజు లేదు. నేను కొలిచిన సూటు ఒక్కటి కూడా వెనక్కి రాలేదని నాకు మహా పొగరుగా ఉండేది. ఆ పొగరు ఎలా దిగిందో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెబుతాను, కడుపులో పెట్టుకుని తిరగడం నా వల్ల కావడం లేదు.

ముందు ఈ సూటు సంగతి తెలియాలి. ఇది మామూలు బట్ట కాదు, నురుగు రబ్బరు షీటు. ఒంటికి అతుక్కుని ఉండాలి. వదులైతే చల్లటి నీళ్లు లోపలికి వచ్చి పోతూ ఉంటాయి, పైకొచ్చేసరికి పళ్లు టకటకలాడతాయి. అందుకని కటింగ్ టేబుల్ దగ్గరుండే పెద్దావిడ నేను రాసిన కొలతలోంచి తనే కొంత తగ్గించి కోస్తుంది. ఆమెను మేమంతా కత్తెరక్క అంటాం. ఏ మందం షీటుకు ఎంత తగ్గించాలో ఆమె వేళ్లకు తెలుసు. నేను చేయాల్సిందల్లా కార్డు మీద ఉన్నదున్నట్టు రాయడం.

మగవాళ్ల సూట్లలో చిన్నది తెచ్చి ఆడవాళ్లకు తగిలించే రోజులు పోయాయి. ఇప్పుడు ఛాతీకో కొలత, దాని కింద ఇంకో కొలత, నడుము, తుంటి, మెడ, భుజం మీది నుంచి కాళ్ల మధ్యగా చుట్టి మళ్లీ భుజం దాకా మరొకటి, అన్నీ కలిపి ఇరవై రెండు. కొలిచిన ప్రతిసారీ పైనుంచి ఒకటే ప్రశ్న: "ఎంతొచ్చింది?" అడగని ఆడమనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఉన్నది చెబితే ముఖం మాడిపోతుంది. అంకె వినగానే ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు, దాంతో మిగతా కొలతలన్నీ తప్పుతాయి. అందుకని నేనో పద్ధతి పెట్టుకున్నాను. చెవికో అంకె, కార్డుకో అంకె. పైకి రెండు, రెండున్నర అంగుళాలు తగ్గించి చెబుతాను, కార్డులో అసలుది రాస్తాను. వాళ్లు హాయిగా ఊపిరి వదులుతారు, సూటు సరిగ్గా వస్తుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదని నా లెక్క.

మా వదిన వచ్చేవరకు ఆ లెక్క తప్పలేదు.

వదినంటే మా ఆయనకు అక్క. మా మేడ మీది వాటాలో ఒంటరిగా ఉంటుంది. నలభై ఏడేళ్లు. సముద్ర జీవుల ల్యాబులో పని. ఎవరో కిందికి దిగి తెచ్చిన పగడాల ముక్కలను ట్రేలలో సర్ది, చీటీలు రాసి అంటిస్తుంది. పద్దెనిమిదేళ్లుగా అంతే. ఈ ఏడు ల్యాబు వాళ్లు, డైవింగ్ పరీక్ష పాసైతే ల్యాబు ఉద్యోగులను కూడా జట్టులో కిందికి పంపుతామన్నారు. వదిన అందరికంటే ముందు పేరిచ్చింది. ఆ రోజు వంటింట్లోకి వచ్చి నా చేతిలో గరిటె లాక్కుని, "మరదలా, ఇన్నాళ్లూ నేను వాటి శవాలనే చూశాను. ఇక బతికున్నవాటిని చూస్తా" అంది. ఆవిడ అంతగా నవ్వడం ఎప్పుడు చూశానో నాకు గుర్తు లేదు.

కొలతలకు ఒంటరిగా రాలేదు. ల్యాబులో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలను వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ సన్నగా గాలికి ఎగిరిపోయేలా ఉన్నారు. వాళ్ల అంకెలు వాళ్లే గట్టిగా చెప్పుకుని కిలకిలలాడారు. తర్వాత వదిన వంతు. ఛాతీ నలభై రెండున్నర వచ్చింది.

"ఎంతే?"

"నలభై, వదినా."

"నిజంగా? ఏదీ, చూడనీ" అంటూ నా భుజం మీది నుంచి కార్డులోకి తొంగి చూసింది. పెన్ను అప్పటికే కాగితం మీద ఉంది. నేను నలభై రాసేశాను. మెడ కొలతా అలాగే అయింది, ఒక అంగుళం తక్కువ. తర్వాత మార్చుకోవచ్చులే అనుకున్నాను. వదిన ఆ కార్డు పట్టుకుని అమ్మాయిలకు చూపించి, "చూశారా, నేనేం అంత లావు కాదు" అని మురిసిపోయింది. పక్కలకు నల్లటి పట్టీలు, మధ్యలో వంకాయ రంగు కావాలని చెప్పింది. సన్నగా కనబడటానికి ఆ చిట్కా నేర్పింది నేనే. పోతూ పోతూ, నీకెందుకు శ్రమ అని కార్డును తన చేత్తోనే కత్తెరక్క ట్రేలో వేసి పోయింది.

సాయంత్రం గుర్తొచ్చి పరిగెత్తేసరికి షీటు కోయడం అయిపోయింది. కత్తెరక్క తన అలవాటు ప్రకారం నలభైలోంచి ఇంకా తగ్గించి కోసింది. ఆ క్షణాన నోరు విప్పి ఉంటే పోయేది ఒక్క షీటు. విప్పితే ఈ రెండంకెల పద్ధతి దుకాణమంతా తెలుస్తుంది. వదినకూ తెలుస్తుంది. పైగా నా చేతి కొలత తప్పిందని ఒప్పుకోవాలి. "ఏంటమ్మాయ్, అలా నిలబడ్డావు?" అని కత్తెరక్క అడిగితే, "ఏం లేదక్కా, రంగు బాగుంది" అన్నాను.

సూటు వచ్చాక వదిన మా గదిలోనే తొడుక్కుంది. రబ్బరు జారడానికి కాళ్లకు ప్లాస్టిక్ సంచులు తొడిగి, రబ్బరును అంగుళం అంగుళం పైకి లాగి, జిప్పు వేయడానికి నేను ఆవిడ వీపు మీద మోకాలు ఆనించాల్సి వచ్చింది. అద్దంలో చూసుకుని మెరిసిపోయింది. తర్వాత మెల్లగా, "ఊపిరి కొంచెం బిగదీసినట్టుందే" అంది.

"కొత్తది కదా వదినా. నీళ్లలోకి దిగితే అదే సర్దుకుంటుంది" అన్నాను. సర్దుకోదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

పరీక్ష రోజు దుకాణం తరఫున నేనూ పడవెక్కాను, జిప్పులు వేయడానికి. వదిన నీళ్లలోకి దిగేముందు నా వైపు చెయ్యి ఊపింది. పది నిమిషాలు కూడా కాలేదు, పైకి తేలింది. నోట్లోంచి గాలి గొట్టం తీసేసి, మెడ దగ్గర రబ్బరును రెండు చేతులా పీక్కుంటోంది. ముఖం ఎర్రగా కందిపోయింది. పడవలోకి లాగి జిప్పు దించగానే పెద్దగా ఊపిరి పీల్చింది. పరీక్ష పెట్టే కోచ్ చెడ్డవాడేం కాదు. కాగితం మీద "భయం" అని రాసి, "కంగారు పడ్డారమ్మా. వయసు కూడా చూసుకోవాలి కదా" అన్నాడు. అమ్మాయిలిద్దరూ చూపులు తిప్పుకున్నారు.

వదిన తల వంచుకుని, "నాకు భయం వేయలేదే. కానీ ఊపిరి అందలేదు. నా ఒళ్లే నాకు పగ" అంది. ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆవిడ వీపు నిమిరాను. "పోనీలే వదినా, పోనీలే" అన్నాను. తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఓదార్చాను. ఇప్పటికీ తలుచుకుంటే ఆ చెయ్యి నాది కాకపోతే బాగుండుననిపిస్తుంది.

మళ్లీ పరీక్షకు పన్నెండు రోజుల గడువిచ్చారు. అప్పుడూ కాకపోతే జట్టులోంచి పేరు కొట్టేస్తారు. మర్నాటి నుంచి వదిన రాత్రి భోజనం మానేసింది. అడిగితే ఆకలి లేదనేది. మా ఆయన, "అక్కా, చేపలను చూడబోతూ చేపముల్లులా అవుతావా ఏంటి?" అని ఏడిపిస్తే నవ్వి ఊరుకుంది. నేను రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని. ఆ రేపు ఎనిమిదిసార్లు వచ్చి పోయింది.

తొమ్మిదో రోజు పొద్దున వదిన ఒక కాగితంతో కిందికి దిగింది. పేరు వెనక్కి తీసుకుంటున్నానని రాసుకొచ్చింది. "ఒకసారి చదివి చూడు, తప్పులేమైనా ఉన్నాయేమో" అని నా ముందు పెట్టింది. తర్వాత, "నీకే అన్యాయం చేశానే. పాపం అంత కష్టపడి కుట్టించావు. నా మూలంగా నీ సూటుకు చెడ్డపేరు" అంది.

భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. నేనే నోరు తెరవాల్సి వచ్చింది.

"వదినా, మీ కొలత నలభై కాదు. నలభై రెండున్నర. మెడ కూడా తక్కువే రాశాను. సూటే మీకు చాలదు. ఊపిరి అందకపోవడం మీ తప్పు కాదు."

వదిన కుర్చీలో కూర్చుంది. 

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రాసినప్పుడే."

"నేను తొడుక్కుని బిగుతుగా ఉందన్నప్పుడు?"

"తెలుసు."

"పడవ మీద?"

 తల ఊపాను.

"అందరి ముందూ నన్ను చిన్నబుచ్చకూడదని తగ్గించి ఉంటావు. అది అర్థమవుతుందే" అంది వదిన. కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. నెమ్మదిగా అంది. "కానీ పడవ మీద నేను నా ఒంటిని నేనే తిట్టుకుంటుంటే, పక్కన కూర్చుని వీపు నిమిరావు చూడు. అదెలా చేయగలిగావు?"

 అది నాకు తెలిసి ఉంటే ఇక్కడ రాసేదాన్నే.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆవిడ ల్యాబుకు వెళ్లిపోయింది. నేను తిన్నగా పడవల రేవుకు వెళ్లాను. కోచ్ పదిమందికి పాఠం చెబుతున్నాడు. ఆ అమ్మాయిలిద్దరూ ఉన్నారు. పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను గానీ, ఆవిడ పరువు అందరి ముందూ పోయిందని గుర్తొచ్చింది. అందరి ముందే చెప్పాను, అంకెలతో సహా. ఒకమ్మాయి, "అయితే నాకూ తగ్గించే చెప్పారా?" అంది. చెప్పానన్నాను. కోచ్ తన పరీక్ష కాగితం తీసి "భయం" అన్న మాట కొట్టేశాడు. దుకాణానికి వచ్చి యజమానురాలికీ, కత్తెరక్కకూ చెప్పాను. యజమానురాలు తిట్టాల్సినన్ని తిట్టింది. కత్తెరక్క మాత్రం, "రంగు బాగుందన్నావు కదే ఆ రోజు" అని ఊరుకుంది. తిట్ల కంటే అది ఎక్కువ తగిలింది.

కొత్త సూటుకు వ్యవధి లేక వదిన ల్యాబులో ఎవరిదో పాత సూటు అరువు తెచ్చుకుని పరీక్షకు వెళ్లింది. మగవాళ్లది, సంచిలా వేలాడింది. పైకొచ్చేసరికి పెదాలు నీలమై గజగజలాడిపోయిందట. కానీ పాసైంది. కింద నలభై నిమిషాలు ఉందట. ఇవన్నీ నాకు మా ఆయన చెబితే తెలిశాయి. వదిన మేడ దిగి వంటింట్లోకి రావడం మానేసింది. మెట్ల మీద ఎదురైతే పలకరిస్తుంది, బాగున్నావా అంటుంది, అంతే.

రెండు వారాల తర్వాత తనంతట తనే దుకాణానికి వచ్చింది. "చలికి ఆగలేకపోతున్నా. నాకో సూటు కుట్టండి" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఊళ్లో ఇంకో దుకాణం ఉంది, అక్కడికి పోలేదు, మా దగ్గరికే వచ్చింది. జాగ్రత్తగా కొలిచాను. ఛాతీ దగ్గరికి రాగానే ఆవిడ అడగకముందే పైకి చెప్పాను, "నలభై రెండున్నర" అని. కార్డు ఆవిడ వైపు తిప్పి రాశాను. వదిన పొట్ట లాక్కోలేదు, అంకె విని ముఖం ముడుచుకోలేదు. ఇరవై రెండు కొలతలూ అయ్యేదాకా ఓపిగ్గా నిలబడింది. ఇక అంతా సర్దుకుందనుకున్నాను.

అప్పుడు వదిన కటింగ్ టేబుల్ వైపు తిరిగి, చాలా మర్యాదగా, "అక్కా, మీరు కూడా ఒకసారి కొలిచి చూస్తారా?" అంది.

కత్తెరక్క నా వైపు చూసింది. నేను మెడలోంచి టేపు తీసి ఆమె చేతికిచ్చి, పక్కకు జరిగి నిలబడ్డాను.