పడిలేచే గీత

ఆ ప్రయోగశాలలో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. నిజానికి ఆమె అక్క అయింది ఒక్కడికే. ఆ ఒక్కడు ఇప్పుడు అదే ఆసుపత్రి పై అంతస్తులో, రెండు కళ్ళకీ కట్లతో మంచం మీద ఉన్నాడు.

తమ్ముడు బ్యాటరీలు బాగుచేసే మెకానిక్కు. యాసిడ్ చింది కుడికంటి పైపొర కాలిపోయింది. ఎడమకంటి అంచు నుంచి ఆవగింజలో సగమంత ముక్క తీసి, దాని కణాలను గిన్నెలో పెంచుతున్నారు. అవి పలచని పొరగా అల్లుకుంటే కుడికంటికి అతుకుతారు. ఎడమకంటిని మళ్ళీ ముట్టుకుంటే ఉన్న చూపూ పోవచ్చు. అందుకని, ఉన్నది ఆ ఒక్క గిన్నే.

గిన్నె అడుగున వెంట్రుకకన్నా సన్నని బంగారు తీగలున్నాయి. కణాలకు తెలియనంత కొద్ది కరెంటు వాటిలో పోతుంటుంది. కణాలు విడివిడిగా ఉన్నంతకాలం కరెంటు సందుల్లోంచి సులువుగా దూరిపోతుంది. అవి దగ్గరికి జరిగి, చేతులు పట్టుకున్నట్టు కలిసిపోతే దానికి దారి దొరకదు. ఆ అడ్డు పెరిగేకొద్దీ తెర మీద గీత పైకెక్కుతుంది. గిన్నెను ఉంచిన వెచ్చటి పెట్టె తలుపు మూసే ఉంచి, గీతను చూస్తే చాలు.

"మీ తమ్ముడి గిన్నె జోలికి మీరు రాకండి అక్కా. నేను చూసుకుంటాను," అని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. అక్క తల ఊపింది.

నాలుగోరోజు పొద్దున్న డాక్టరమ్మ తెర ముందు నిలబడి పెదవి విరిచింది. గీత ఎక్కుతోంది, ఉన్నట్టుండి జారుతోంది, మళ్ళీ మెల్లగా లేస్తోంది. మూడు రోజులుగా అదే వరస.

"గిన్నెను ఎవరైనా కదిపారా?"

"లేదమ్మా."

"అయితే ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని నిలవడం లేదు. ఇలాంటి పొర కంటిమీద పెడితే ఊడిపోతుంది. సాయంత్రం దాకా చూసి తీసేద్దాం. రేపటి ఆపరేషన్ ఆపించేస్తాను."

తీసేయడమంటే ఏమిటో, ముప్ఫయ్యేళ్ళుగా గిన్నెలు కడిగిన అక్కకు వేరే చెప్పాలా.

మధ్యాహ్నం ఒంటిగంటకు కాళ్ళు ఆమెను తమ్ముడి దగ్గరికే లాక్కెళ్ళాయి.

"నా కన్ను ఎదిగిందా అక్కా?"

"ఎదుగుతోందిలే."

"కరెంటు పెట్టారన్నావుగా. ఛార్జింగ్ ఎక్కువైతే ఉబ్బిపోతుంది, చూసుకోమను."

"నీ మొహం. నేను చూస్తూనే ఉన్నాను."

"అదే నా భయం. సైకిలు నేర్చుకున్నప్పుడూ ఇలాగే చూశావు. నువ్వు గుమ్మంలో నిలబడ్డంతసేపూ దబ్బుదబ్బున పడ్డాను. ఇక చూడలేనని నువ్వు లోపలికి పోయాక, వీధి చివరిదాకా తొక్కేశాను."

అక్క నవ్వబోయి ఆగిపోయింది. గీత జారిన వేళలు గుర్తొచ్చాయి. పొద్దున్న పది. మధ్యాహ్నం ఒంటిగంట. సాయంత్రం నాలుగు. డాక్టరమ్మ గదిలో లేని వేళలు. తాను పెట్టె తలుపు తీసిన వేళలు.

ఆమె దేన్నీ ముట్టుకోలేదు. తలుపు తీసి, గిన్నె ఉందని చూసుకుని కాసేపు నిలబడేది, అంతే. అమ్మ పోయినప్పుడు అక్క మందులకని వీధిలోకి వెళ్ళింది, పది నిమిషాలు. తాను చూడకపోతే మనుషులు వెళ్ళిపోతారని అప్పటినుంచీ లోపలొక గుబులు. కాని తలుపు తీసినప్పుడల్లా వెచ్చదనం బయటికి పోయింది. కణాలు ముడుచుకుని మధ్యలో సందులు పడ్డాయి. ఇది ఆమెకు తెలియని విద్య కాదు. తమ్ముడిదనేసరికి తెలిసింది కాస్తా ఎటో పోయింది.

చెబితే ఆ గదిలోకి ఇంక రానివ్వకపోవచ్చు. చెప్పకపోతే గిన్నె పోతుంది. అక్క మెట్లు దిగింది.

డాక్టరమ్మ అంతా వింది.

"ఇవాళ?"

"పదింటికి తీశానమ్మా. ఒంటిగంటకు వాడి దగ్గరే ఉండిపోయాను."

డాక్టరమ్మ తెర దగ్గరికి వెళ్ళి చూసింది. ఒంటిగంటకు గీత జారలేదు.

"ఈ ఒక్కసారి చాలదు, నాలుగు కూడా దాటాలి. పెట్టె తాళంచెవి ఇవ్వండి అక్కా. తెర వైపు కూడా రాకండి."

అక్క మళ్ళీ పైకి వచ్చింది.

"ఏమిటి, పని మానేశావా?" అన్నాడు తమ్ముడు.

"మాన్పించారు," అని జరిగిందంతా చెప్పింది. "తిట్టరా నన్ను."

"తిడితే ఏడుస్తావు. ఎక్కడ తుడవాలో కూడా నాకు కనపడదు."

నాలుగు కొట్టగానే ఆమె లేచింది. అతను తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "కూచో."

కూచుంది. అతను చెయ్యి వదల్లేదు.

అయిదు దాటాక డాక్టరమ్మ ఒక కాగితంతో వచ్చింది. "జారలేదక్కా. కావలసిన ఎత్తు కూడా దాటింది. రేపు పొద్దున్నే ఆపరేషన్. మిగతా సంగతి మనం తర్వాత మాట్లాడుకుందాం."

అక్క కాగితం వైపు చూసింది. పది తర్వాత గీత ఎక్కడా తడబడలేదు. ప్రాణం లేచొచ్చింది. తాను లేకుండానే ఇంత ఎదిగాయా అని ఒక మూల చివుక్కుమంది కూడా.

"ఎలా ఉందో నాకూ చూపించు," అన్నాడు తమ్ముడు.

ఆమె అతని చెయ్యి చాపి, మణికట్టు మీద వేలు పెట్టింది. "పదింటికి ఇక్కడుంది." వేలు మెల్లగా పైకి జరిగింది. "ఇది ఒంటిగంట." మోచెయ్యి దాటింది. "ఇది నాలుగు."

"చక్కిలిగింతలు పెడుతోందక్కా."

"కదలకు, ఇంకా ఉంది."

భుజం దాకా వెళ్ళి వేలు ఆగింది. కాగితం మీద గీత అక్కడితో అయిపోయింది.

"తర్వాత?"

"తర్వాతిది నేను చూడనురా," అంది అక్క.