జానెడు తక్కువైన అరుగు

ఆదివారం పొద్దున మట్టి లారీ వస్తుందట, పెరట్లో ఈత కొలను పూడ్చేస్తారట. మా ఆయన ఈ మాట అన్నం కలుపుకుంటూ తాపీగా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పాపం, కొలను చేసిన తప్పేమీ లేదు. దాని పక్కనున్న చెక్క అరుగు పాతబడింది. ఈతకొట్టి పైకొస్తున్న అత్తయ్య కాలికింద ఒక పలక ఫెళ్ళున విరిగింది. చీలమండ బెణికింది, తగ్గిపోయింది కూడా. అయినా మా ఆయన పెరటి తలుపుకు తాళం వేసేశాడు. నేల మీద నాలుగడుగులు వేస్తే మోకాళ్ళు పట్టుకుని కూలబడే మనిషి ఆవిడ. నీళ్ళలో దిగిందంటే మాత్రం పట్టపగ్గాలుండవు. తాళం పడ్డాక మంచానికి అతుక్కుపోయింది.

"అరుగు బాగుచేస్తే పూడ్చరుగా?" అన్నాను.

"ఎవరు చేస్తారు?"

"నేనే."

"చొక్కాలు కుట్టడం అనుకున్నావా?" అని నవ్వాడు.

ఊళ్ళో సగంమంది భుజాలు కొలిచినదాన్ని, ఒక అరుగు నాకు లెక్కా? తాళంచెవి లాక్కున్నాను.

మర్నాడు పలుగుతో పాత పలకలు పెకలిస్తుంటే అత్తయ్య చేతికర్రతో వచ్చి, స్టూలు మీద కూర్చుని, "మేకులు పీకడం నాకొదిలెయ్" అంది. ఎన్నాళ్ళకు ఆవిడ గొంతు అంత గట్టిగా విన్నానో! కింద దూలాల్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాం. ఒక్కటే పుచ్చింది, మిగతావి రాళ్ళలా ఉన్నాయి. దాన్ని మార్చి, కొత్త పలకలు వరసగా బిగించుకుంటూ పోయాం. డ్రిల్ గుర్రుమన్నప్పుడల్లా నాకు ఈల వెయ్యాలనిపించింది.

శనివారం సాయంత్రం అరుగు సగం దాటాక, పలకలు నీళ్ళ అంచుదాకా రాలేదు. జానెడు ఖాళీ!

గుడ్డని మడతపెట్టి కత్తిరించే అలవాటు నాది. ఒక సగం కొలిస్తే రెండోది అదే వస్తుంది. అరుగునీ అలాగే సగమే కొలిచి, పలకలన్నీ ఒకే పొడవు కోయించేశాను. అటు సగంలో కొలను కాస్త సన్నబడిందని చూసుకుంటేనా! చెక్కల దుకాణం అప్పటికే మూసేశారు. పొద్దున్నే లారీ.

అత్తయ్య కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "చొక్కా పొట్టిదైతే ఏం చేస్తావే?"

"అంచు వేస్తాను."

అన్నాక ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. పీకిపడేసిన పాత పలకల గుట్ట మీద పడ్డాం. పైన ఎండకీ వానకీ చివికినా, తిరగేస్తే కొన్ని నిక్షేపంగా ఉన్నాయి. ఒక్కోదాన్నీ తట్టి, పొడిచి, గట్టివాటినే అత్తయ్య ఏరింది. నేను గరుకు కాగితంతో రుద్దాను. నీళ్ళ వెంబడి పొడుగ్గా, దూలాల మీద అంచు వేసేశాం. చివరి స్క్రూ ఆవిడే బిగించింది.

పొద్దున మా ఆయన కొత్త పలకల మీద దబదబా నడిచాడు. అంచు దగ్గర ఆగిపోయాడు.

"ఇవి పాతవేగా?" మొహం పాలిపోయింది. "అమ్మ కింద పలక విరిగిన చప్పుడు నాకింకా వినిపిస్తోందే."

ఇన్నాళ్ళూ మొండితనం అనుకున్నాను, భయమా ఇది! నా కోపం సగం దిగిపోయింది. సమాధానం చెప్పేలోపే అత్తయ్య మెట్ల మీదుగా నీళ్ళలోకి జారిపోయింది. ఒక చుట్టు కొట్టి, అంచు వేసినవైపే పైకి రాబోయింది. మా ఆయన గబుక్కున చెయ్యి చాపాడు.

"తప్పుకోరా. నువ్వు పట్టుకుంటే అరుగు సంగతి ఎలా తెలుస్తుంది?"

గట్టునున్న ఇనప కమ్మీ పట్టుకుని తడి పాదం అంచు మీద పెట్టింది. రెండోదీ పెట్టింది. ఆవిడ కమ్మీ వదిలేసి, మడమతో ఒక్క తాపు తన్నింది. పలక కిర్రుమని కూడా అనలేదు.

నేను కేక పెట్టి ఎగిరి గంతేశాను. అత్తయ్య మమ్మల్నిద్దర్నీ ఒకసారి చూసి, వెనక్కి తిరిగి మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయింది.

అప్పుడే గేటు దగ్గర హారన్ మోగింది. డ్రైవర్ పెరట్లోకి తొంగిచూసి, "మట్టి ఎక్కడ పొయ్యమంటారండీ?" అన్నాడు.

మా ఆయన అటు తిరగను కూడా లేదు.

"వద్దండీ," అన్నాడు. "మా అమ్మ ఈదుకుంటోంది."