పదికి ఏడు బిగుతు

మా అక్క కూతురు వంద మీటర్ల పరుగు పరిగెడుతుంది. ఇంట్లో అందరం బుల్లెట్ అంటాం. అన్నానికి పిలిస్తే మాత్రం గొంతు పోయేదాకా అరిచినా కదలదు, అది వేరే సంగతి.

ఆ రోజు నా టైలరింగ్ షాపుకి వచ్చి అరచేతి వెడల్పు పట్టీలు రెండు బల్ల మీద పడేసింది.

"మామయ్యా, వీటి ఎలాస్టిక్ సాగిపోయింది. కొత్తది వేసివ్వు."

"ఏంటే ఇవి?"

"తొడల పైభాగంలో కట్టుకునేవి. కట్టుకుని చిన్న చిన్న బరువులతో గుంజీలు తీస్తా."

"కట్టుకోవడం దేనికి?"

"రక్తం ఆపడానికి."

కత్తెర పక్కన పెట్టేశాను. రక్తం ఆపి బలం తెచ్చుకోవడమనేది నేను బుద్ధెరిగాక వినలేదు.

"పూర్తిగా ఆపరులే మామయ్యా. కాల్లోకి వచ్చేది కొంచెం తగ్గుతుంది, తిరిగి పైకి పోయేది బాగా ఆగుతుంది. దాంతో చిన్న బరువుకే కండ పెద్ద బరువు మోసినట్టు అలిసిపోతుంది. నా మోకాలికి పెద్ద బరువులు వద్దన్నాడుగా డాక్టరు."

"అంటే కండకి టోకరా వేయడమన్నమాట!"

"అలాగే అనుకో."

నాకు భలే నచ్చింది. మోకాలి నొప్పితో మూలన కూర్చున్న పిల్లని మళ్ళీ ట్రాక్ ఎక్కించినవి ఈ పట్టీలే. వచ్చే ఆదివారం సెలక్షన్ పోటీ. అది తప్పితే జట్టులో చోటు కోసం మళ్ళీ ఏడాది ఆగాలి.

"సరే, ఎంత బిగుతు ఉండాలి? అంగుళాల్లో చెప్పు."

"అంగుళాలుండవు. పదికి ఏడు."

"పరీక్ష మార్కులా?"

"అబ్బా! సున్నా అంటే కట్టుకోనట్టు, పది అంటే ఇక భరించలేనట్టు. ఏడు ఎక్కడో నాకే తెలుస్తుంది."

'తెలుస్తుంది' అనే కొలత నా టేపు మీద ఎక్కడా లేదు. పాత పట్టీనే ఏడుకి బిగించుకోమని, మా ఆవిడ చేత తొడ చుట్టూ కొలిపించి, పట్టీ మీద సుద్దతో గీత పెట్టించాను. ఎలాస్టిక్ వేస్తే మళ్ళీ సాగుతుంది. అందుకని బ్యాగులకు వేసే గట్టి పట్టీ తీసుకుని, సరిగ్గా ఆ కొలతకే బకిల్ కుట్టేశాను. ఇక రోజూ ఆరా ఏడా అని చూసుకునే పనే లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడు సాయంత్రం కోచ్ మేడమ్ స్వయంగా షాపుకి వచ్చింది. వెనకాల బుల్లెట్, కాలు ఈడ్చుకుంటూ.

"మాస్టారూ, ఇవి కుట్టింది మీరేనా?"

"నేనేనండీ. బాగా కుదిరాయా?"

"బ్రహ్మాండంగా కుదిరాయి. పిల్ల పాదం మొద్దుబారిపోయింది."

కుర్చీ లాగి బుల్లెట్‌ని కూర్చోబెట్టాను.

"డాక్టరు చూశాడు, భయం లేదన్నాడు. కానీ తిమ్మిరి పూర్తిగా పోయేదాకా పరిగెత్తనివ్వను. ఆదివారమైనా సరే." మేడమ్ బుల్లెట్ వైపు తిరిగింది. "నీకైనా తెలియలేదా? కాలు లాగేస్తుంటే విప్పేయొద్దూ?"

బుల్లెట్ నేల చూపులు చూస్తూ అంది: "పది దాటినట్టే అనిపించింది మేడమ్. కానీ మామయ్య కొలిచి కుట్టాడు కదా, ఏడే అయ్యుంటుందిలే అనుకున్నా."

ఆ మాట సూదిలా దిగింది. ఆ పిల్ల తన కాలిని కాదని నా టేపుని నమ్మింది.

"కొలత తప్పలేదే మేడమ్?" అన్నాను. తప్పించుకోవడానికి కాదు, నిజంగానే అర్థం కాలేదు.

మేడమ్ నన్ను ఎగాదిగా చూసింది. "బీపీ, షుగరు ఏమైనా ఉన్నాయా?"

"లేవండీ."

బ్యాగులోంచి ఎలాస్టిక్ పట్టీ తీసి నా ప్యాంటు మీదే కట్టింది. "మీకు అయిదు చాలు. ఇప్పుడు మీ మిషను తొక్కండి."

రోజంతా తొక్కే మిషనే కదా అనుకున్నాను. ఒక జాకెట్టు అంచు పూర్తవకుండానే తొడలో నిప్పులు పోసినట్టయింది.

మా ఆవిడ గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఈ వయసులో మీరు ఏ పోటీకండీ?"

నవ్వే ఓపిక కూడా లేదు. కిందికి చూస్తే, పట్టీ కట్టినప్పటికంటే వేలెడు సాగి ఉంది. లోపల తొడ ఉబ్బింది. దాంతోపాటే ఎలాస్టికూ సాగింది.

"నిలబడ్డ కాలిని కొలిచానండీ," అన్నాను. "పనిచేసే కాలు వేరే సైజు!"

"అదీ సంగతి. మీ గట్టి పట్టీ సాగదు. పైగా సన్నగా ఉంది, తాడులా కోసేస్తుంది."

ప్యాంటు కుట్టినప్పుడు మనిషిని కూర్చోమని, లేవమని చూస్తాను. దీనికి ఆ ఆలోచనే తట్టలేదు. ఆ పూటే పాత వెడల్పులో కొత్త ఎలాస్టిక్ పట్టీలు కుట్టాను. గీత పెట్టలేదు. ఎంత కావాలంటే అంత బిగించుకునేలా పొడుగునా వెల్క్రో వేశాను.

ఆదివారం పోటీకి ముందు మేడమ్ బుల్లెట్‌ని కూర్చోబెట్టి పాదం నొక్కి చూసింది.

"తిమ్మిరి ఎంత?"

"సున్నా."

"నా కోసం చెప్పకు."

బుల్లెట్ కళ్ళు మూసుకుని వేళ్ళు ఒక్కొక్కటే కదిపింది.

"నిజంగానే సున్నా మేడమ్."

"పో."

జట్టుకి నలుగురు కావాలి. మా పిల్ల నాలుగోదిగా వచ్చింది. రొప్పుతూ వచ్చి నా భుజం మీద వాలిపోయింది.

"మోకాలు ఎంతే?"

"పదికి రెండు."

"పరిగెత్తే ముందు భయం?"

"తొమ్మిది. నీకు?"

మెడలో టేపు తడుముకున్నాను. "ఇది సరిపోదే తల్లీ."