నాలుగు మునకలు

దుర్గాప్రసాద్ పాడేరు సంతలో మా కొండవాళ్ల కాఫీ గింజలు, మిరియాలు కొని పైకొచ్చిన షావుకారు. 2006లో విశాఖపట్నంలో సొంత పడవ కొన్నాడు. చేపలకు కాదు. వీపుకు సిలిండరు కట్టుకుని సముద్రం అడుగు చూసి రావడానికి. అడుగున ఏముంటుందో వలలేసేవాళ్లను అడిగితే చెబుతారు. అతను ఎవర్నీ ఏదీ అడిగే రకం కాదు.

నా చెల్లెలి మొగుడు సుక్రు ఆ పడవ మీద పనిచేసేవాడు. కొండ వాగుల్లో, గెడ్డల్లో ఈదిన మనిషి కనుక అతనికీ సిలిండరుతో మునగడం నేర్పించారు, సామాను అందించడానికి.

మరుసటి జనవరిలో ఓ ఆదివారం నా జీపును బాడుగకు పిలిచారు. పొద్దున్న సముద్రం, సాయంత్రం అరకులో విందు. కారియర్లు మొయ్యాలని నన్నూ పడవెక్కించారు. నీళ్లు వేళ్లు కొరికేంత చల్లగా ఉన్నాయి. దుర్గాప్రసాదూ, అతని స్నేహితుడు ఆదినారాయణా నల్ల రబ్బరు తొడుగుల్లో దూరడానికి అరగంట పట్టింది. జిప్పు పొట్ట దగ్గర ఆగిపోతే సుక్రు, నేను చెరోవైపు లాగాం. ఒక్కసారి దిగారు. పావుగంటకే వణుక్కుంటూ తేలి, రాజ్యం గెలిచినట్టు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

సుక్రు బనీనుతో నాలుగుసార్లు దిగాడు. వాళ్ల వెంట ఒకసారి. లోతున రాళ్లలో ఇరుక్కున్న లంగరు విడిపించడానికి ఒకసారి. ఆదినారాయణ జారవిడిచిన కెమెరా కోసం రెండుసార్లు. కెమెరా దొరకలేదు. తిట్లు దొరికాయి.

వాళ్లకు ఈ విద్య నేర్పే మాస్టారు నౌకాదళంలో చేసి రిటైరైనాయన. ఒడ్డున కలిసి, మునిగినవాళ్లు ఇవాళ కొండెక్కకూడదని చెప్పాడు. లోతులో ఒంట్లో కరిగిన గాలి, ఎత్తుకు పోతే సోడా మూత తీసినట్టు బుడగలు కడుతుందట. రేపు వెళ్లండన్నాడు.

"ఇరవై ఏళ్ల నుంచి ఎక్కి దిగుతున్న కొండండీ. మాకు ఘాటీ కొత్తా?" అన్నాడు దుర్గాప్రసాద్.

మాస్టారి మాట నేనూ విన్నాను. బాడుగ కోసం తాళం తిప్పాను. ఆ రోజంటే నాకున్న చీదరలో నా మీది చీదర కూడా ఉంది.

ఘాటీలో టైడా ఊరు దాటి నాలుగు మలుపులెక్కాక, వెనక వంట గిన్నెల మధ్య కూర్చున్న సుక్రు రేకు మీద కొట్టాడు. ఆపి వెళ్లి చూశాను. భుజం పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. దిగమంటే దిగలేకపోయాడు.

"కాళ్లు నాయి కావు బావా," అన్నాడు.

తాగుంటాడని ఆదినారాయణ తేల్చేశాడు. కొండోళ్ల సంగతి తనకు తెలుసన్నాడు. సుక్రు నోటి దగ్గర ముక్కు పెట్టి చూశాను. మందు వాసన వచ్చింది ఆదినారాయణ వైపు నుంచే.

కిందికి దించాలన్నాను.

"నువ్వేటి డాట్రువా? అరకులో పడుకుంటే అదే తగ్గిపోద్ది. బేగి పోనియ్యి. కోళ్లు కోయించాల," అన్నాడు దుర్గాప్రసాద్.

గిన్నెలు, కోళ్ల గంప, రబ్బరు తొడుగులు, పాదాలకు తగిలించుకునే ఆ బాతుకాళ్లు తీసి రోడ్డు పక్కన పెట్టాను. తర్వాత వాళ్లిద్దర్నీ దిగమన్నాను. జీపు నాది. సంతలో మా ఊరి మిరియాలు ఎవరు కొంటారో చూస్తానని దుర్గాప్రసాద్ కాసేపు అరిచాడు. నేను జీపు తిప్పేసరికి గొంతు తగ్గించి పక్కకొచ్చాడు.

"ఒరే భీముడూ, ఎవులడిగినా ఆడు ఒక్కసారే దిగాడని సెప్పు. ఆడి ఉజ్జోగం ఆడికుంటాది."

సుక్రు విన్నాడు.

కొండ దిగినకొద్దీ సుక్రు మూలుగు కొంచెం తగ్గింది. నేరుగా పడవ దగ్గరికే పోనిచ్చాను. ఒడ్డున మాస్టారు ఇంకా ఉన్నాడు. ఒక్క చూపు చూసి జీపెక్కి మమ్మల్ని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడొక ఇనుప గది. అందులో మనిషిని పెట్టి గాలి బిగించి, లోతులో ఉన్నట్టే చేసి, మెల్లగా పైకి తెస్తారట. ఎన్నిసార్లు దిగాడో సరిగ్గా చెప్పాలన్నాడు డాక్టరు.

"ఒక్కసారే బాబూ," అన్నాడు సుక్రు. నడుం కింద స్పర్శ లేదు. అయినా ఉద్యోగం గుర్తుంది.

డాక్టరు రాసుకుంటున్నాడు.

"నాలుగు," అన్నాను.

సుక్రు నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. అతణ్ని లోపల పెట్టి తలుపు బిగించారు.

సుక్రు ఉద్యోగం పోయింది. దుర్గాప్రసాద్ వేరే మనిషిని పెట్టుకున్నాడు. ఇప్పటికీ దిగుతున్నాడట, పావుగంట.

సుక్రు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. తల తిప్పకుండా మా వాకిలి ముందు నుంచే సంతకు వెళ్లేవాడు. నేను అరుగు మీద కూర్చుని అతని పాదాలు చూసేవాణ్ని. మొదట్లో ఎడమది ఈడ్చేది. వానలు పట్టేసరికి రెండూ సమంగా పడుతున్నాయి.