చదువక వ్రాసిన మారుమాట

పుష్యమాసమున ఉప్పుటేటి మొగను ఆనుకొనియున్న లవణపురి పట్టణమునకు ప్రాతఃకాలమనునది పేరునకే కాని కంటికి కానరాకుండెను. సముద్రగర్భమున పుట్టి ఉప్పుమళ్ల మీదుగా మెల్లమెల్లగా ప్రాకివచ్చి రేవులోని దీపస్తంభమును పడవల తెరచాపకొయ్యలను వీథుల వెంబడి బారులుతీరిన పెంకుటిండ్లను ఒకటొకటిగా మ్రింగివేయుచున్న నిబిడ నీహారపటలము నడుమ ఎదురింటివారికి ఎదురింటివారు కానరాక, మాట వినవచ్చినను పలికినవారెవ్వరో తెలియక, తెలిసినను పేరుపెట్టి పిలుచుటకు జంకుచు జనులు తలలకు శాలువలు చుట్టుకొని గోడల వెంబడి నడచుచుండిరి. ఆ యేడు మంచును మించిన చలి యొకటి వారి యెముకలను పట్టియుండెను. అది అంతర్జాల సంయమన శాసనమను పేర ఆ దేశపు ప్రభుత్వమువారు నూతనముగా ప్రకటించిన చట్టము.

ఆ చట్టమును బట్టి బ్లాగు వ్రాయు ప్రతివారును తమ పేరును నివాసమును ప్రభుత్వమునకు తెలియజేయవలెను. అంతియ కాదు, తన పుటయందు పరులెవ్వరేని వచ్చి వ్యాఖ్య వ్రాసినను దానికి ఆ పుట యజమానియే ఉత్తరవాది. మొదట రాజకీయములు వ్రాయువారు కలములు ముడిచిరి. పిమ్మట సినిమాలను విమర్శించువారు మానుకొనిరి. తుదకు కుళాయిలో నీరు రాలేదని వ్రాయుటకును వెనుకముందులాడు కాలము సంప్రాప్తమయ్యెను. ఎవ్వరెంత వెరచినను ఇదంతయు తన జోలికి వచ్చునది కాదని గుండెపై చేయి వేసికొని నిద్రించినవారిలో శేషరత్నమను గృహిణి యొకతె.

ఆమె రేవు కార్యాలయమున గుమాస్తాగా చేసి విశ్రాంతి పొందిన నరహరిరావు గారి భార్య. పచ్చళ్ల పందిరియను నామధేయముతో ఆమె నడపు బ్లాగునందు ఆవకాయ మొదలు అల్లపుపచ్చడి వరకు గల సమస్త లవణామ్లకటు పదార్థముల నిర్మాణ రహస్యములు సావకాశముగా వర్ణింపబడియుండెను. ఆమె వ్రాసిన టపాలను చదువుటకు దేశదేశముల తెలుగు ఇల్లాండ్రు వచ్చి కలంపేర్లతో వ్యాఖ్యలు వ్రాసి పోవుచుండెడివారు. గడప త్రొక్కిన పేరంటాలిని బొట్టు పెట్టక పంపుట యెట్లు తగదో అట్లే బ్లాగునకు వచ్చిన వారిని పలుకరింపక పంపరాదని శేషరత్నము యొక్క నియమము. అందుచేత ప్రతిదినమును కాఫీ చల్లారులోపల కంప్యూటరు ముందు కూర్చుండి ఎవ్వరేమి వ్రాసినను ప్రతివ్యాఖ్య క్రిందను “నిజమే చెప్పారమ్మా. వస్తూ ఉండండి.” అని యొకే మారుమాటను చకచక వ్రాసికొనుచు పోవుట ఆమెకు వాడుకయై పోయెను. రానురాను వ్యాఖ్యలు పెరిగినవి, ఆమె చత్వారమును పెరిగినది. చదువుట తగ్గినది కాని మారుమాట మాత్రము తగ్గలేదు. పొయ్యిమీద పాలు పొంగుచుండగా అటొక కన్ను ఇటొక కన్ను వైచి వ్రాయుటలో ఆమెను మించినవారు లేరని భర్త వేళాకోళము చేయుచుండెడివాడు.

చింతకాయ తొక్కును గూర్చి ఆమె వ్రాసిన టపా వెలువడిన కొన్నినాళ్లకు ఒకనాటి యుదయమున పరిశీలన కార్యాలయపు జవాను వచ్చి తలుపు తట్టి ఒక తాఖీదును ఆమె చేతికిచ్చి మంచులో కలిసిపోయెను. మామిడిపూతయను కలంపేరు గల వ్యక్తి తమ పుటయందు వ్రాసిన రాజ్యవ్యతిరేకమగు అసత్యవార్తను నిజమని మీరు ధ్రువపరచియున్నారు కావున బుధవారము పూర్వాహ్ణమున హాజరై సంజాయిషీ చెప్పుకొనవలసినదనియు, విచారణ ముగియువరకు ఆ పుటయందలి యక్షరమైనను చెరపరాదనియు అందు వ్రాయబడియుండెను. తానేమి ధ్రువపరచినదో తనకే తెలియక శేషరత్నము కంప్యూటరు ముందు కూలబడి కండ్లద్దములు తుడిచికొని, తాను బదులిచ్చిన ఆ వ్యాఖ్యను మొట్టమొదటిసారిగా చదివెను.

“అక్కా, మీరు చెప్పినట్టే తొక్కు పెడదామని గిన్నెలో ఉప్పు పోశాను. ఉప్పు చూస్తే మా మరిది గుర్తొచ్చాడు. కొత్త రేవుకి ఉప్పుమళ్లు ఇచ్చేది లేదన్నందుకు వాడితో కలిపి నలుగురిని జీపెక్కించుకుపోయారు. పడవెక్కి పారిపోయారని టీవీలో చెబుతున్నారు. పారిపోలేదక్కా. పాత ఉప్పు గిడ్డంగిలో పెట్టారు. మొన్న ఆ గోడ పక్కనుంచి పోతుంటే మావాడి దగ్గు విన్నాను. నా చేతుల్లో పెరిగినవాడి దగ్గు నాకు తెలియదా. ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకు చెబుతున్నాను.”

దాని క్రిందనే తన మారుమాట యథాప్రకారముగా వెలయుచుండెను. కన్నీటితో చెప్పుకొన్న దుఃఖమునకు వస్తూ ఉండండని మర్యాద చేసి పంపితిని గదా యని శేషరత్నమునకు మొదట సిగ్గు కలిగెను. ఆ సిగ్గు వెనువెంట భయము వచ్చెను. భయము వచ్చిన తోడనే సిగ్గు ఏమూలకో తప్పుకొనెను.

నరహరిరావు గారు తాఖీదును రెండుమారులు చదివి కుర్చీలో కూర్చుండెను. పిమ్మట మెల్లగా నచ్చజెప్పెను. ఆ మామిడిపూత యెవ్వతెయో మనమెరుగము. నీవు చదువక వ్రాసితివనుట దేవుడెరిగిన సత్యము. ఆ సత్యమునే చెప్పి వారు కోరినచోట చేవ్రాలు చేసి రమ్ము. పింఛను పోయినయెడల ఈ వయసున మనలను పోషించువారెవ్వరు అని ఆయన అడిగెను. ఆమె ఒప్పుకొనెను. ఒప్పుకొనకుండుటకు ఆమెకు కారణము కూడ తోచలేదు.

బుధవారము వచ్చులోపల ఆ యింట జరిగినదంతయు చిన్నచిన్న సంగతులే. పక్కింటి ఇల్లాలు గోడమీదుగా పెరుగుతోడు అడుగుట మానెను. ఎదుటి టీకొట్టు బల్లపై ఎన్నడును చూడని మనుష్యుడొకడు ఖాళీ గ్లాసు ముందు పెట్టుకొని వీరి కిటికీవంక చూచుచు కూర్చుండసాగెను. ఫోను మ్రోగిన ఉలికిపాటు, మ్రోగకున్న అంతకంటె ఉలికిపాటు. వీనినన్నిటిని మించి శేషరత్నమును బెదరించినది ఆమె బ్లాగే. ఏండ్ల తరబడి వచ్చి పోపులో ఇంగువ యెంతయని అడిగిన చెలులు, గర్భిణులుగానుండి పుల్లని పచ్చళ్ల కొరకు వచ్చి బిడ్డ పుట్టిన పిమ్మటను విడువక వచ్చినవారు, ముఖములు చూడకున్నను కష్టసుఖములు చెప్పుకొన్నవారు ఒక్కరొక్కరుగా వచ్చి తాము పూర్వము వ్రాసిన వ్యాఖ్యలను తామే తుడిచికొని పోవుచుండిరి. ఆమె తెరముందు కూర్చుండి చూచుచుండగనే పేర్లు మాయమగుచుండెను. చివరకు ఆ టపా క్రింద మామిడిపూత దుఃఖమును శేషరత్నము మారుమాటయును తప్ప వేరేమియు మిగులలేదు. ఆ రెంటిని ఒక్కచోట చూచుటకే ఆమెకు భయమయ్యెను.

బుధవారమునాడు భార్యాభర్తలు ఆటోలో బయలుదేరిరి. పరిశీలన కార్యాలయమునకు పోవు త్రోవ పాత ఉప్పు గిడ్డంగి మీదుగానే పోవును. మంచు అప్పటికి నేలమీదినుండి మోకాలెత్తు మాత్రమే లేచియుండెను. పదేండ్లుగా తాళముపడి గబ్బిలములకు తప్ప మనుష్యులకు పనికిరాక పాడుపడియున్న ఆ కట్టడము ముందు తుపాకులు ధరించిన కావలివాండ్రు ఇద్దరు నిలిచియుండిరి. గోడ పక్కగా అన్నము తిని పారవేసిన విస్తరాకులు కుప్పగా పడియుండ కాకులు వానిని ఈడ్చుకొని పోవుచుండెను. ఇద్దరు కావలివాండ్రు తినగా మిగిలిన యెంగిలి కాదది. శేషరత్నము ఆ కుప్పను చూచి చప్పున ముఖము త్రిప్పుకొనెను. నరహరిరావు గారును చూచెను. ఆయన ఆటోవానితో కొంచెము వేగముగా పోనిమ్మని చెప్పెను.

పరిశీలనాధికారి భీమశంకరము గారు చిరునవ్వుతో లేచి నిలిచి ఆమెకు కుర్చీ చూపెను. నరహరిరావు గారిని వెలుపల వరండాలో కూర్చుండుమనిరి. అధికారి కాఫీ తెప్పించెను. తమ యింట ఆ యేడు చింతకాయ తొక్కు ఆమె పద్ధతిననుసరించియే పెట్టిరనియు, మెంతిపిండి పాళ్లు బహుచక్కగా కుదిరినవనియు ఆయన మెచ్చుకొనెను. కోపముతో అరచిన బాగుండునని శేషరత్నమునకు తోచెను. అరచువాని యెదుట ఏడ్వవచ్చును. మెంతిపిండిని మెచ్చుకొనువాని యెదుట ఏమి చేయవలెనో ఆమెకు తెలియలేదు.

“అమ్మా, మీరు చదవలేదని నాకు తెలుసు. మీ పేజీ మొదటినుంచి చివరిదాకా చూశాను. ఎవరో ఉగాది శుభాకాంక్షలు చెబితే వాళ్లకీ నిజమే చెప్పారనే రాశారు. ఒక్క సంతకం పెట్టి ఇంటికి వెళ్లండి. అదే మీ పేజీలో వేయిస్తాం, ఆ కామెంటు తీసేస్తాం, అంతటితో అయిపోతుంది.”

ఆయన ముందుకు జరిపిన కాగితము వాఙ్మూలము. వివాదాస్పదమైన వ్యాఖ్యను చదువకయే బదులు వ్రాసితిననియు, అందలి సంగతి సర్వము అసత్యమని విచారించి తెలిసికొంటిననియు, ఆ నలుగురును పడవపై పారిపోయిరని నమ్ముచున్నాననియు అందు సారాంశము. శేషరత్నము కలము తీసికొనెను. చేవ్రాలు చేయుటకే ఆమె వచ్చినది. చేయవలయుననియే ఆమె నిశ్చయము. కలము మొన కాగితమునకు తాకబోవు సమయమున అట్టడుగున అచ్చులోనున్న వాక్యమొకటి ఆమె కంటబడెను. పై వాఙ్మూలమును చదివి వినిపింపగా విని సరియని యొప్పుకొని చేవ్రాలు చేసితిని అని అందున్నది. ఆమె చేయి ఆగిపోయినది. ధైర్యముచేత ఆగలేదు. చదువక వ్రాసిన ఒక్క మాటకే ఇంత ఉపద్రవము వచ్చిపడెనే, వినకయే విన్నానని చేవ్రాలు చేసినయెడల రేపు మరియేమి ముంచుకొనివచ్చునో యను భయమే ఆమె చేతిని పట్టి ఆపెను.

చదివి వినిపింపుడని ఆమె మిక్కిలి మెల్లగా అడిగెను. అధికారి నొసలు ముడివడినది కాని నిబంధన నిబంధనయే. వాఙ్మూలములో వివాదాస్పదమైన వ్యాఖ్య అక్షరాలా చేరియుండవలెననుట వారు చేసికొన్న నియమమే. ఆ మూల టైపు చేయుచున్న కనకాచారియను వృద్ధ గుమాస్తాను పిలిచి చదువుమనెను. కనకాచారి వేలకొలది వాఙ్మూలములు చదివి చదివి అర్థముతో నిమిత్తము లేని కంఠము సంపాదించినవాడు. ఆ కంఠముతోనే ఆరంభించెను. గిన్నెలో ఉప్పు పోసినది, జీపు వచ్చినది, టీవీలో చెప్పినది అన్నియు ఒకే తీరున సాగిపోయెను. నా చేతుల్లో పెరిగినవాడి దగ్గు నాకు తెలియదా అనుచోట ఆ వృద్ధుని కంఠము తడబడి నిలిచెను. ఆ గదిలో పనిచేయుచున్న గుమాస్తాలందరి చేతులును ఆగినవి. ఎవ్వరును తల యెత్తలేదు. వారిలో ఆ గిడ్డంగి త్రోవన రానివాడొక్కడును లేడు.

కనకాచారి గొంతు సవరించుకొని అందలి సంగతి సర్వము అసత్యమనుదానిని చదివి ముగించెను. వింటిరి గదా యని అధికారి అడిగెను.

“విన్నానండి,” అని శేషరత్నము పలికెను. “అప్పుడు చదవకుండా రాశాను, ఆ మాట ఒప్పుకుంటాను. ఇప్పుడు విన్నాను. వచ్చే దారిలో గిడ్డంగి ముందు విస్తరాకులు కూడా చూశాను. ఆవిడ నిజమే చెప్పింది.”

అధికారి ముఖమున చిరునవ్వు చెదరలేదు. వరండాలో కూర్చున్న నరహరిరావు గారిని కిటికీలోనుండి ఒకసారి చూచి, మీవారి పింఛను సంగతి కూడ ఆలోచించుకొనుడని ఆయన మృదువుగా హెచ్చరించెను. ఈ మాట యీ గదిలోనే పోవుననియు, మరల మొదటినుండి అడిగెదననియు చెప్పెను. శేషరత్నము కిటికీవంక చూడలేదు. చూచినయెడల తాను నిలువజాలనని ఆమెకు తెలియును.

“నాకు చాలా భయంగా ఉందండి. ఇంటికి వెళ్లాలని ఉంది. కానీ అది అబద్ధమని నేను సంతకం పెడితే ఆ నలుగురూ నిజంగానే లేకుండా పోతారు. నావల్ల కాదు.”

కనకాచారి అధికారివంక చూచి, “ఇది కూడా టైపు కొట్టమంటారా అండీ?” అని అడిగెను. బదులు రాలేదు. ఆ వృద్ధుడు తన బల్ల కడకు పోయి కూర్చుండి అసత్యమనియున్న పంక్తి తీసివేసి శేషరత్నము పలికిన మాటలను పలికినట్లే టైపు చేయసాగెను. వద్దని వారించుటకు అధికారికి నోరు రాలేదో, లేక ఆమెపై నేరము రుజువగుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము దొరకదని సంతసించెనో చెప్పజాలము. క్రొత్త కాగితము వచ్చెను. కనకాచారి దానిని మరల ఆదినుండి చదివి వినిపించెను. ఈమారు ఆయన కంఠము నిలువలేదు.

గుండె దిటవైన పిమ్మట సత్యము పలుకుదమని కాచుకొనియుండువారికి ఆ శుభముహూర్తము సాధారణముగా రాదు. శేషరత్నమునకును రాలేదు. పొగమంచువలె భయము గదినిండ నిలిచియుండగనే ఆమె కలము పట్టెను. వ్రేళ్లు వశము తప్పి అదరుచుండుటచేత ఎడమచేతితో కుడిచేతి మణికట్టును గట్టిగా పట్టుకొని చేవ్రాలు చేసెను. ఆ యక్షరములు వంకరటింకరగా పడినవి గాని పేరు చదువుటకు తెలియుచునే యుండెను.