మునిగిన కాయలు కూడా

పెళ్లయి ఇరవై రెండు రోజులే అయినా, అత్తగారింట్లో కీర్తిప్రియకి నచ్చినవాటి జాబితా చేంతాడంత అయింది. గచ్చు మీద తన కొత్త మెట్టెలు చేసే టిక్కుటిక్కు చప్పుడు. పొద్దున్నే తోటలోంచి వచ్చే మామిడి సొన వాసన. ఆమె ఏమన్నా ముందు చెవులు ఎర్రబడి, ఆ తర్వాత నవ్వే అభిరామ్. రెడ్డిగూడెం దాటాక రోడ్డుకి రెండు పక్కలా రసాల తోటలే. అందులో ఆరెకరాలు వీళ్లవి. ఆ ఆరెకరాల మీద పెత్తనం అత్తగారు పుష్పవతిది.

ఆ రోజు మాత్రం కీర్తిప్రియ మనసంతా ఫోను మీదే ఉంది.

అణు రియాక్టర్లలో వాడే లోహాల మీద ఆమె పరిశోధన. రియాక్టర్ నడిమధ్యన ఉండే ఉక్కుకి రాత్రీ పగలూ న్యూట్రాన్ల దెబ్బలే. ఆ దెబ్బలకి లోపల కంటికి కనపడని గుల్లలు ఏర్పడతాయి. పైకి నిగనిగలాడుతూనే ఉక్కు ఉబ్బిపోతుంది. అలా ఉబ్బని ఉక్కు తయారుచేయాలని ఆమె నాలుగేళ్లు కష్టపడింది. ఆ ఉక్కువి పన్నెండు ముక్కలు రెండేళ్లు రియాక్టర్‌లో ఉండి ఇప్పుడు బయటికొచ్చాయి. ఒకసారి గాలిలో, ఒకసారి ద్రవంలో ముంచి తూస్తే లోపల గుల్లబారిందీ లేనిదీ తెలిసిపోతుంది. ఒక ముక్క ఉబ్బితే సర్దుకుంటారు. రెండు ఉబ్బితే ఆ ఉక్కు పని అంతటితో ఆపేస్తారు. సాయంత్రానికి రిపోర్టు పంపాలి.

పదింటికి ల్యాబ్ నుంచి మెర్సీ ఫోను చేసింది.

“మూడు ఉబ్బినట్టు చూపిస్తున్నాయే. మిగతా తొమ్మిదీ బంగారం. కానీ ఆ మూడింటికీ గాలిబుడగలు అంటుకున్నాయేమోనని నా అనుమానం. మళ్లీ తూచనా?”

“తూచవే తల్లీ! బుడగలే అయ్యుంటాయి.”

పెరట్లో పుష్పవతి నీళ్ల తొట్టి ముందు కూర్చుని ఉంది. మర్నాడు కోతకి లారీ రావాలి. తూర్పు వరస చెట్ల నుంచి పది కాయలు కోయించి నీళ్లలో వేసింది. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. మూడు తేలాయి.

“రెండు తేలితే పర్లేదు కానీ, మూడంటే ఆగాల్సిందే,” అంది పుష్పవతి.

కీర్తిప్రియ చేతులకి ఊరికే ఉండబుద్ధి కాలేదు. తేలిన కాయల్ని ముచ్చిక దగ్గర బొటనవేలితో రుద్ది మళ్లీ వేసింది. ఒకటి మునిగింది.

“మునిగింది అత్తయ్యా! గాలిబుడగే!” అంటూ చప్పట్లు కొట్టింది.

“సంబరం సరే. మునిగినవాటిని కూడా తీసి వేశావా?”

“అవి బాగానే ఉన్నాయిగా?”

“నీకు కావలసినట్టు ఉన్నాయి గనక బాగున్నాయంటున్నావు. తేలినవాటినే మునిగేదాకా వేసుకుంటూ పోతే, ఏ చెట్టయినా కోతకొచ్చినట్టే ఉంటుందమ్మాయ్. వేస్తే అన్నీ వెయ్యి. లేదంటే ఏదీ ముట్టుకోకు.”

కీర్తిప్రియ అన్నీ బయటికి తీసి ఒక్కొక్కటే వేసింది. ఇందాక పెద్దకాయల కింద ఇరుక్కుని అడుగున ఉండిపోయిన ఒక బుల్లికాయ ఈసారి బుడుంగున పైకొచ్చింది.

“చూశావా దొంగని, మళ్లీ మూడే,” అని పుష్పవతి తడిచేత్తోనే ఫోనందుకుంది. “రేపు లారీ వద్దండీ. వారం ఆగి పంపండి.”

అంతలో మెర్సీ మళ్లీ చేసింది. “ఆ మూడింటిలో రెండు మంచివే! బుడగలే! ఒక్కటే ఉబ్బింది. గెలిచావు పోవే!”

గెలిచిన మాట నిజమే. మిగతా తొమ్మిదింటి గురించి అడిగేవాళ్లు లేరు. కీర్తిప్రియ తొట్టిలో తేలుతున్న బుల్లికాయ వంక కాసేపు చూసింది.

“మెర్సీ, తొమ్మిదీ మళ్లీ తూచు.”

“పిచ్చా నీకు? రేడియేషన్‌కి గాజు ఇవతల నిలబడి, మరచేతులతో ఒక్కో ముక్కా పట్టుకోవడానికి మా తాతలు దిగొస్తున్నారు!”

“బుట్టెడు రసాలు తెస్తా.”

“రెండు బుట్టలు.”

“సరే, రెండు. తూచు.”

సాయంత్రం దాకా మెట్టెలు గచ్చు మీద టిక్కుటిక్కుమంటూ తిరుగుతూనే ఉన్నాయి. “బాగున్నవాటిని కెలకడం అవసరమా?” అన్నాడు అభిరామ్. “మీ అమ్మనడుగు,” అంది.

ఐదున్నరకి మెర్సీ గొంతు మెల్లగా వచ్చింది. “ఒకటి తప్పిందే. పొద్దున ముక్కని వేలాడదీసిన కొక్కేనికి ఏదో పలుకు అంటుకుని ద్రవంలో బరువు ఎక్కువ చూపించింది. ఇప్పుడు చూస్తే అదీ ఉబ్బింది.”

మొత్తం రెండు. నాలుగేళ్ల పని ఆగిపోయింది. కీర్తిప్రియ అభిరామ్ చొక్కా తడిసేలా ఏడ్చి, ముక్కు తుడుచుకుని, రిపోర్టులో ‘రెండు’ అని టైపు చేసింది. ఆ రెండు ముక్కల నంబర్లు వేస్తుండగా చెయ్యి ఆగింది. రెండూ మూడో విడత కరిగించి పోసిన ఉక్కులోవే. ఉబ్బింది ఒక్కటే అయ్యుంటే, అదేదో ఖర్మ అనుకుని పక్కన పెట్టేసేది.

“ఎన్ని తేలాయమ్మాయ్?” అని పెరట్లోంచి కేక.

“రెండు, అత్తయ్యా.”

“మరి ఆగాల్సిందేనా?”

“ఆగాల్సిందే. కానీ ఏ వరస కాయలో తెలిసింది.”