మగ్గం గుంతలో మట్టి

ఇంకో తట్ట మట్టి గుంతలో పడేసరికి మార్కండేయకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళికి ముందునుంచీ కాళ్ళు పెట్టుకుని చీరలు నేసిన మగ్గం గుంత అది. పగవాడెవడో పూడుస్తుంటే తిట్టుకునైనా ఊరుకునేవాడు. పూడుస్తున్నది బావమరిది పెంటయ్య, అదీ ప్రేమతో.

“గుంత పూడిస్తే ఈడ మంచం పడ్తదక్కా. బావ మంచిగ పండుకుంటడు. జారి అండ్ల పడితే ఇంకేమన్న ఉందా?”

“గంతే తమ్మీ, ఆయనకిగ మగ్గమేడిది” అంది కౌసల్యమ్మ కళ్ళొత్తుకుంటూ.

మొగుడు ఎదురుగా కూర్చుని ఉండగానే ఆ మాట! పక్షవాతం కుడి చేతినీ కాలినీ నోటినీ పట్టుకుంది గానీ చెవుల జోలికి రాలేదు. గద్వాలలో చూడ్డానికొచ్చిన ప్రతివాడూ అతని ముందే, పోయినవాడి గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుని, చాయ్ తాగి పోతున్నాడు.

కర్నూలు డాక్టరొక్కడే అతని కళ్ళలోకి చూసి మాట్లాడాడు. “దెబ్బ తగిలితే రక్తాన్ని గడ్డకట్టించి మనల్ని కాపాడే ప్రోటీన్లు రక్తంలోనే ఉంటాయి. నీకేమో ఏ గాయమూ లేకుండా, మెదడుకు పోయే నాళంలో గడ్డ కట్టించి దారి మూసేశాయి. మళ్ళీ కట్టకుండా ఈ మాత్రలు వేసుకో. కాలికి మాత్రం రోజూ పని చెప్పాలి. పడుకోబెడితే అది పని మరిచిపోతుంది.”

మాత్రల సంగతి ఇంట్లో అందరికీ గుర్తుంది. కాలి సంగతి ఒక్కరికీ లేదు. వీళ్ళూ ఆ ప్రోటీన్ల లాంటివాళ్ళే, గాయం లేని చోట దారి మూస్తున్నారు అనుకున్నాడు మార్కండేయ.

పెంటయ్య మట్టికోసం వాకిట్లోకి పోయాడు. మార్కండేయ ఎడమ చేత్తో గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ మగ్గం దాకా వెళ్ళి కూలబడి, రెండు కాళ్ళూ గుంతలోకి దించాడు. మగ్గాన్ని ఆడించే తొక్కుడు కట్టెల అంచుదాకా మట్టి వచ్చింది. సగం నేసిన చీర ఇంకా మగ్గం మీదే ఉంది. ఎడమకాలి కింది కట్టె చప్పున దిగింది. కుడికాలిది కదల్లేదు. పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ నొక్కాడు. కట్టె వేలెడు దిగింది, పైన నూలు పోగులు కొద్దిగా విడిపోయి మధ్యన దారిచ్చాయి.

“అయ్యో బావా, పడ్తవ్! లే!” తట్ట దించి పెంటయ్య అతని చంకల్లో చేతులు వేశాడు.

మార్కండేయ అతన్ని విదిలించుకున్నాడు. ఇన్నాళ్ళూ గొంతులో అడ్డంపడిన కోపమంతా పైకి తన్నుకొచ్చింది.

“మ... మట్టి... తియ్!”

కౌసల్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మరుక్షణం గుంతలోకి దిగి, అతని పాదాల చుట్టూ మట్టిని రెండు చేతులా ఎత్తిపోయసాగింది. పెంటయ్య నిలబడే ఉన్నాడు.

“నిలబడి చూస్తవేందిరా?” అని గద్దించింది. “ఆయన తియ్యమంటుండు. వినవడ్తలేదా?”